కుడి మూల మచ్చ

"నువ్వు కెమెరా అమ్ముతున్నావా, దాని మీద చాడీలు చెబుతున్నావా సిలార్ భాయ్?"

జయపాల్ కేకకు కొట్టు ముందు కట్టేసిన మేక కూడా తల తిప్పింది.

పక్కనే ఉన్న మహిమ చున్నీ కొస మెలిపెట్టింది. తన నోటి దాకా వచ్చి ఆగిన మాటే బాబాయి అనేశాడు.

చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లు ఎదురుగా ఉన్న ఆ ఫొటో స్టూడియో ఈ నెలతో మూతపడుతోంది. అందుకే సిలార్ తన పాత డిజిటల్ కెమెరా అమ్మకానికి పెట్టాడు. చేత్తో పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే నల్ల టేపు చుట్టి ఉంది.

"ఫ్లాష్ వెలగదు. బ్యాటరీ మధ్యాహ్నం దాకా కూడా రాదు. రెండుసార్లు నొక్కితే ఒక ఫొటో పడిద్ది," అన్నాడు సిలార్ మళ్లీ మొదటినుంచి.

"మరింకేం పని చేసిద్దయ్యా ఇది?"

"ఫొటో తీసిద్ది."

మహిమకు ఒళ్లు మండింది.

రేపు ఆదివారం సాగర్ కాలువలో బాప్తిస్మాలు. ఫొటోలు నువ్వే తియ్యమ్మా అన్నారు పాస్టరుగారు. ఫొటోలు తీసి బతకాలని ఆశపడుతున్న పిల్లకు అది మొదటి పని. అది సరిగ్గా కుదిరితే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పిలుస్తారు. అమ్మ ఎండాకాలమంతా కోల్డ్ స్టోరేజీలో తుమ్ముతూ మిరపకాయల తొడిమలు తీసిన డబ్బు చేతిసంచిలో ఉంది. కొత్త కెమెరాకు అది ఏ మూలకూ చాలదు. ఈయనేమో రేటు చెప్పడు, రోగాలు చెబుతాడు.

"ఏ ఊరన్నావ్ తల్లీ?"

"ఇందాకే చెప్పాను కదండీ. గొల్లపాలెం."

"ఆ ఊళ్లో ఈ కెమెరా చూడని మిరప కళ్లం లేదు."

"ఊరితో పనేంటి భాయ్, రేటు చెప్పు!" జయపాల్ కెమెరా లాక్కుని కన్ను ఆనించాడు.

పొద్దున్నే యార్డులో మిర్చి టిక్కీల బస్తాలు మోసి వచ్చిన, కారం అంటిన చెయ్యి అది.

"ఒరేయ్, చెయ్యి కడుక్కోరా నాయనా!" అరిచాడు సిలార్.

"అబ్బా! కన్ను పోయింది రోయ్!"

జయపాల్ కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. సిలార్ నవ్వుతూ గుడ్డముక్కతో కెమెరా తుడిచాడు.

"కళ్లాల్లోనూ ఇదే గోల తల్లీ. నవ్వమంటే తుమ్ముతారు. తుమ్మేదాకా ఆగాలి. తుమ్మాక మనిషి ముందు కెమెరా ఉందని మర్చిపోయి నవ్వుతాడు. అప్పుడు నొక్కాలి."

తుమ్ముల సంగతి ఎవరడిగారు? మహిమ పళ్లు బిగించింది.

"ఒక ఫొటో తీసి చూసుకుంటానండీ."

బయటికొచ్చి మిల్లు మీది ఆకాశానికి గురిపెట్టింది. నొక్కితే పడలేదు. మళ్లీ నొక్కితే పడింది.

ఆకాశంలో, కుడివైపు పై మూల, వడ్లగింజంత నల్లమచ్చ.

లెన్సు తుడిచి ఇంకోటి తీసింది. మళ్లీ అక్కడే.

"ఇదేంటండీ?"

"అది లోపల పడ్డ మచ్చ. తుడిస్తే పోదు. నేను కొన్న ఏడాదే పడింది. కంప్యూటర్లో తీసేస్తుంటా. తొందరలో ఒకటీ అరా అలాగే వెళ్లిపోయుంటాయి. అదే చెప్పబోతున్నా…"

"ఎప్పుడు చెబుతారు? డబ్బులు తీసుకున్నాకా?"

నలుగురిలో గొంతు పెగలని పిల్ల నోట ఆ మాట విని, కన్ను నులుముకుంటూ వస్తున్న జయపాల్ అక్కడే ఆగిపోయాడు.

"ఇన్నేళ్లూ మా ఊళ్లవాళ్లకి ఈ మచ్చల ఫొటోలే అంటగట్టారన్నమాట. పద బాబాయ్."

సిలార్ కెమెరాను నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

"సరే తల్లీ. సాయంత్రం పార్టుల వాళ్లొచ్చి విప్పుకుపోతారు. పని నేర్చుకునే పిల్ల చేతిలో పడితే బాగుండునని…"

మిగతా మాట వినకుండానే మహిమ ఆటో ఎక్కింది.

ఇల్లు చేరేసరికి అమ్మ ఎలీసమ్మ గోడ మీది నాన్న ఫొటో దించి తుడుస్తోంది. శనివారం సాయంత్రం అది ఆమెకు తప్పని పని.

"కుదర్లేదా?"

"చచ్చు కెమెరా అమ్మా. ఆయనొట్టి మోసగాడు."

"పోన్లేవే. పాస్టరుగారికి నేను చెబుతాలే. ఇది పట్టుకో, మేకు వదులైంది."

మహిమ ఫొటో అందుకుంది. కూలీల ఆటో బోల్తాపడి నాన్న పోయేనాటికి ఆమె ఒళ్లోబిడ్డ. ఆమెకు తెలిసిన నాన్న ముఖం ఇదొక్కటే. ఎర్రటి మిరపకాయల మధ్య పసిపిల్లనెత్తుకుని, కళ్లు చికిలించి, ఒళ్లు మరిచి నవ్వుతున్నాడు. తలకు పైన, ఆకాశంలో గద్ద. చిన్నప్పుడు ఆ గద్దను చూపించే అమ్మ అన్నం తినిపించేది.

"నాన్న ఎందుకమ్మా ఇంతలా నవ్వాడు?"

"తుమ్మాడే! రైతు ఫొటోలు తీయడానికి కళ్లంలోకి ఒకాయనొస్తే, మాకూ ఒకటి తియ్యమన్నాడు మీ నాన్న. ఆయన ఎంతకీ నొక్కడే! ఈయన తుమ్మేదాకా అలాగే నిలబడ్డాడు."

మహిమ ఫొటోను కళ్లకు దగ్గరగా తెచ్చుకుంది.

"తర్వాత?"

"ఫొటో తెచ్చుకోకముందే మీ నాన్న పోయాడు. పెట్టె మూయబోతుంటే, ఎవరూ పిలవకుండానే, ఆ ఫొటోలాయనే ఫ్రేము కట్టించి బండి మీద తెచ్చిచ్చాడు. మంచినీళ్లు కూడా తాగలేదు. పేరు అడిగే తెలివి ఆ రోజు నాకెక్కడిది?"

ఎలీసమ్మ కొంగుతో అద్దం కుడివైపు పై మూల మళ్లీ రుద్దింది.

"గద్దని నీకు చెప్పాగానీ, ఇదేదో మరకే. ఎంత తుడిచినా పోదు."

వీధిదీపాలు వెలిగాయి. పార్టుల వాళ్లు వచ్చి వెళ్లే వేళ దాటిపోయింది.

ఇన్నేళ్లూ నాన్న తల మీద ఎగిరిన ఆ గద్దే, ఇవాళ మధ్యాహ్నం మిల్లు మీది ఆకాశంలో కూడా, సరిగ్గా అదే మూల ఎగిరింది.