పక్కబండి మనిషి

“ఈ మసక తియ్యి బాబూ! నేనడిగేది అంతే,” అంటూ జరిమానా నోటీసును కౌంటర్ అద్దానికి అదిమిపెట్టింది టైలరమ్మ.

ట్రాఫిక్ కెమెరా ఆఫీసు గుమాస్తా తొంగి చూశాడు. ఫొటోలో ఎర్రలైటు, తెల్లగీత దాటి ఆగిన రెండు బళ్ళు. ఒకటి ఆమె మోపెడ్. పక్కన పాత స్కూటరు. దాని నంబరూ, నడిపేవాడి ముఖమూ బూడిదరంగు గళ్ళే.

“తియ్యకూడదమ్మా. రోజూ పదిమంది ఇదే అడుగుతారు. మీ నోటీసులో మీ ముఖమే కనపడాలి. పక్కవాళ్ళది కప్పెయ్యాలి. చట్టం.”

“పక్కవాడేంటి? మా తమ్ముడు!”

“ముఖమే లేదుగా, ఎలా చెప్తున్నారు?”

“కాళ్ళు చూడు.”

చూశాడు. ఒట్టికాళ్ళు. చెప్పులు హ్యాండిల్‌కి చెరోవైపు వేలాడుతున్నాయి.

“చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకటే జత. అరిగిపోతాయని దారంతా చేత్తో మోసుకొచ్చేవాడు వెధవ. బడి గేటు దగ్గర నాకు తొడిగి, తను అలాగే లోపలికి పోయేవాడు.” ఆమె ఫొటోలోని చెప్పుల మీద వేలు పెట్టింది. “మాటామాటా అనుకుని విడిపోయాం. పద్దెనిమిదేళ్ళయింది. ఎక్కడున్నాడో తెలీదు.”

“ఆయనొచ్చి వేలిముద్ర వేస్తేనే ఆయన ముఖం కనపడుతుంది.”

“వాడి వేలే దొరికితే, వాడి ముఖం కోసం నిన్నెందుకయ్యా దేవిరించడం?”

క్యూలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తాకి ఒళ్ళు మండింది.

“రేపు మీ మీద పగబట్టినవాడెవడో వచ్చి, ఈమె మా అక్కే అంటాడు. మీ ముఖం చూపించెయ్యనా?”

ఆమె గోడగడియారం వంక చూసింది. నాలుగు దాటింది.

“ఐదింటికి ఈ ఫొటో చెరిపేస్తారటగా?”

“నెలకి మించి ఉంచకూడదు.”

“మీ రూళ్ళు తగలెయ్య! మనుషుల్ని కాపాడమంటే సొంత మనుషుల నుంచే కాపాడుతున్నారు. సరే, అర్జీ అన్నా రాసుకో. అడిగానని ఎక్కడో ఒకచోట ఉండనీ.”

గుమాస్తా విసుగ్గా ఫొటో నంబరు కొట్టాడు. తెర చూశాడు. ఆమెను చూశాడు. మళ్ళీ తెర చూశాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఏమైందయ్యా?”

“పొద్దున ఒకాయన ఇదే ఫొటో పట్టుకొచ్చాడమ్మా. సిగ్నల్ పడితే, బండి పారిపోతుందేమో అన్నట్టు రెండుకాళ్ళూ నేలకి తన్నిపట్టి కూర్చునేది లోకంలో మా అక్కొక్కతే, ఆ మసక తియ్యండి బాబూ అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. కుదరదని నేనే పంపేశాను.”