కుర్రాడి మలుపు

మీట నొక్కాడో లేదో, మిషన్ టీ కక్కేసింది. డెస్ ఇంకా కాగితం కప్పు సరిగ్గా పెట్టనే లేదు.

సగం టీ బూట్ల మీద పడింది.

"హిల్డా అయితే ఈపాటికి ఇంకా కెటిల్ వెతుక్కుంటూ ఉండేది," అన్నాడు బూట్లు దులుపుకుంటూ.

అందరూ నవ్వారు. విల్ఫ్ నవ్వలేదు.

ఇంగ్లండు ఉత్తరాన వెస్ట్‌మోర్లాండ్ కొండ మీద, పాత లండన్ రోడ్డు పక్కన, ఒకప్పుడు హిల్డా టీ పోసిన లారీవాళ్ళ కేఫ్ ఉన్నచోట ఇప్పుడు తివాచీలు అమ్ముతున్నారు. ఆ ఆవరణలోనే ఏటా సెప్టెంబరులో రిటైరైన డ్రైవర్లు చేరతారు. పెళ్ళిరోజు మర్చిపోయినా పాత లారీ నంబరు మర్చిపోని మనుషులు. భార్యలు మడత కుర్చీల్లో స్వెట్టర్లు అల్లుకుంటూ, ప్రతి ఏడూ విన్న కథలకే సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వి పెడుతుంటారు.

విల్ఫ్ పక్కన అలాంటి కుర్చీ లేదు.

"చెంబంత కప్పులో టీ! బేకన్, గుడ్లు, కొవ్వులో వేయించిన బ్రెడ్డు..." డెస్ కళ్ళు మూసుకున్నాడు.

"అవి తినేగా గుండెకి కుట్లు వేయించుకున్నావు," అంది వాళ్ళావిడ, ఊలు లోంచి తలెత్తకుండా.

"తిండి వెంటనే వచ్చేది. టీ దగ్గరే తంటా. హిల్డాని అడిగినప్పుడు నల్లగా ఉన్న జుట్టు, ఆవిడ తెచ్చేసరికి నెరిసేది. దానికి తోడు కింద మలుపులో ఏ లారీ అయినా హారన్ కొట్టిందా, ఇక అంతే. కెటిల్ పట్టుకుని బొమ్మలా నిలబడిపోయేది. ఓసారి నా ఒళ్ళోనే పోసింది!"

ఆ మలుపులో హారన్ కొట్టడం ఆ రోడ్డు మీద ఆచారం. ఎవరో కుర్రాడు స్టీరింగు మీదే నిద్రపోయి లారీతో సహా లోయలో పడ్డాడట. అందరూ దాన్ని 'కుర్రాడి మలుపు' అనేవారు. వాడి పేరు ఎవరికీ తెలీదు. ముందువాళ్ళు కొట్టారు కాబట్టి వెనకవాళ్ళూ కొట్టారు.

"ఆ మనిషి ఊసు నా ముందు ఎత్తకు," అన్నాడు విల్ఫ్.

నవ్వులు ఆగిపోయాయి. బిస్కెట్ల పళ్ళెంతో వస్తున్న మొరీన్ కూడా ఆగింది. ఆ కేఫ్ వాళ్ళ నాన్నదే. పెళ్ళికాక ముందు అక్కడే పళ్ళేలు అందించేది.

"ఇంకా కోపమేనా విల్ఫ్?"

"కోపం కాక! మా ఆవిడ జీన్ అప్పుడు కార్లైల్ ఊళ్ళో ఆసుపత్రిలో ఉంది. రాత్రంతా బండి నడిపి, ఒక్క టీ తాగి పోదామని పొద్దున్నే ఇక్కడ ఆగాను. తొందరగా ఇమ్మన్నాను. బల్ల మీద తల వాల్చానంతే. కళ్ళు తెరిస్తే మధ్యాహ్నం! నా భుజాల మీద ఆవిడ కోటు. టీ ఇంకా కెటిల్లోనే ఉంది."

"లేపలేదేం అని అడగలేదా?" అన్నాడు డెస్.

"అడిగాను. నిద్రపోయేవాణ్ణి నేను లేపను నాయనా, అంది."



"వెళ్ళేసరికి జీన్ మంచం మీద దుప్పటి మారుస్తున్నారు. నా కోసం అడుగుతూనే ఉందట."

డెస్ భార్య అల్లడం ఆపేసింది.

"అంత్యక్రియలయ్యాక ఇక్కడికొచ్చి అందరి ముందూ అరిచాను. నువ్వే నాకు ఆఖరి చూపు దక్కకుండా చేశావన్నాను. ఆవిడ ఏమందో తెలుసా? కూర్చో, టీ పెడతాను, అంది. కప్పు గోడకేసి కొట్టి వెళ్ళిపోయాను."

మొరీన్ పళ్ళెం కింద పెట్టింది.

"ఆ పొద్దున జీన్ సంగతి హిల్డాకి చెప్పావా?"

"ఇంటి గొడవలు కేఫ్‌లో చెప్పుకునేవాళ్ళమా ఆ రోజుల్లో?"

"చెప్పి ఉంటే తనే రోడ్డెక్కి ఏదో ఒక బండి ఆపి నిన్ను ఎక్కించేది. ఆ పొద్దున నీకు టీ నేనే పోయబోయాను విల్ఫ్. హిల్డా నా చేతిలోంచి కెటిల్ లాక్కుంది. వాడి కళ్ళు చూడవే, పడుకోనీ, అంది. ఎర్రకళ్ళతో వచ్చిన ఎవరికీ ఆవిడ తొందరగా టీ ఇచ్చేది కాదు. మీరు తిట్టుకుంటూ ఓ కునుకు తీసేవాళ్ళు. అదే ఆవిడకి కావలసింది."

"నన్ను కూడా అలాగే కూర్చోబెట్టేదా?" అన్నాడు డెస్.

"నిన్నైతే ప్రతి వారం."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

విల్ఫ్ మొరీన్ వైపు తిరిగాడు. "ఎక్కడుంది ఇప్పుడు?"

"పోయి చాలా ఏళ్ళైంది. నువ్వు అరిచి వెళ్ళాక మళ్ళీ కెటిల్ ముట్టుకోలేదు. ఆ వారమే మానేసింది. తొందరగా ఇచ్చినా తప్పే, ఇవ్వకపోయినా తప్పే మొరీన్, అంటూ వెళ్ళిపోయింది."

"ఇవ్వకపోవడం సరే. ఇస్తే తప్పేమిటి?"

అప్పుడే కింద మలుపులోంచి హారన్ వినిపించింది. ఎవరో కొత్త డ్రైవరు, ఎవరి కోసమో తెలీకుండానే కొడుతున్నాడు. ముసలాళ్ళంతా అలవాటుగా టోపీలు తీశారు.

"తెలిస్తే మీరు మొహమాటపడి హారన్ కొట్టడం మానేస్తారని, నన్ను చెప్పనివ్వలేదు," అంది మొరీన్.

"ఏది తెలిస్తే?"

మొరీన్ మలుపు వైపే చూస్తోంది.

"ఆ కుర్రాడు ఆఖరి టీ తాగింది ఇక్కడే. నీలాగే తొందరగా కావాలన్నాడు. కన్నతల్లి కదా విల్ఫ్, కొడుకు అడిగాడని తొందరగానే ఇచ్చింది."