పాత తప్పులకు బీమా

"ఆగు బిడ్డా. సూది తర్వాత. ముందుగాల ఆమె పెనిమిటి పేరు రాస్కో."

బెంచీ మీది ముసలాయన మాటకు త్రివేణి చేతిలో సిరంజి ఆగింది.

రక్తం ఇవ్వడానికి కూర్చున్న ఆవిడ నవ్వింది. త్రివేణికి ఒళ్లు మండింది.

జహీరాబాద్ బస్టాండు పక్కన రక్తపరీక్షల ల్యాబ్ ఆమెది. ఉన్నదంతా ఊడ్చి పెట్టి తెరిచింది. ముసలాయన ఎక్కడో ఝరాసంగం దిక్కు నుంచి షేర్ ఆటోలో వస్తాడు. పరీక్ష చేయించుకోడు. మందూ మాకూ అడగడు. మంచినీళ్లు తాగి బెంచీ చివర కూర్చుంటాడు. ఎవరి రక్తం తీసినా ఒకటే పాట.

"ఉత్త పేరు సాలదు బిడ్డా. మా దిక్కు ఇంటికో చెన్నమ్మ, వాడకో బస్వమ్మ. పెనిమిటి పేరు గూడ రాయి."

ఫ్యాను గాలి కోసం వస్తున్నాడనుకుంది త్రివేణి. ఆయన పోరు పడలేక ట్యూబు మీద రెండు పేర్లూ రాసేది. పేర్లు పేర్లు అని ప్రాణం తీసే ఆ మనిషి పేరేమిటో మాత్రం ఏనాడూ అడగలేదు.

ఆ మధ్యాహ్నం బీమా ఏజెంటు చందర్ వచ్చాడు.

హైవే మీది పెద్ద ఆసుపత్రి తన పరీక్షలన్నీ త్రివేణికి ఇస్తానంది. ఒక్కటే షరతు. పనిలో తప్పు జరిగితే ఆదుకునే బీమా ఆమెకు ఉండాలి. ఆ పని వస్తే ల్యాబ్ నిలబడుతుంది. రాకపోతే షట్టరు దించుకోవడమే.

బీమా ఏజెంట్లు చావు మాట కూడా పెళ్లి కబురులా చెబుతారు.

"మీ రిపోర్టు తప్పయి ఎవలకన్న నష్టమైతే, వాళ్లు కేసు వేస్తే, పైసలు కంపెనీ కడ్తది మేడం. ఇంతకుముందు ఎవరన్న ఫిర్యాదు చేసిన్రా?"

"ఒక్కలు గూడ చెయ్యలే." త్రివేణి గొంతులో గర్వం.

"మంచిది. ఇగ ఒక్క ముచ్చట. ఇయ్యాల్టి నుంచి జరిగే తప్పులకేనా, పాతయి గూడ కలపాల్నా? పాత తేదీ నుంచి కావాల్నంటే ప్రీమియం జర ఎక్కువైతది."

"సారూ," బెంచీ మీది నుంచి ముసలాయన అడిగాడు. "ఆ పైసలు ఎవలకొస్తయి?"

చందర్ నవ్వాడు. "నష్టపోయినోళ్లకు, పెద్దాయనా."

"ఈ బిడ్డ రోడ్డున పడకుంటనే?"

"పడకుంటనే."

ముసలాయన త్రివేణి వైపు తిరిగాడు.

"అయితే పాతయి గూడ కలుపుకో బిడ్డా."

త్రివేణికి తల కొట్టేసినట్టయింది. ఇతను ఈ మాట పట్టుకెళ్లి ఆసుపత్రి వాళ్ల చెవిన వేస్తే?

"నా దగ్గర పాత తప్పులు లేవు," అంది చందర్‌తో. తర్వాత బెంచీ వైపు తిరిగింది. "పెద్దాయనా, ఇది బస్టాండు కాదు. రేపటి సంది లోపలికి రావొద్దు."

ముసలాయన తువ్వాల దులుపుకుని లేచాడు. మొహంలో కోపం లేదు. ఉంటే ఆమెకు కాస్త బాగుండేది.

"మంచిది బిడ్డా. పేర్లు మాత్రం జర చూస్కో."

పాతవి కలపని పాలసీయే తీసుకుంది త్రివేణి.

ఆసుపత్రి పని వచ్చింది. వెనకే వానలు, వానల వెనక జ్వరాలు. బెంచీ ఖాళీ ఉండడం లేదు. తలెత్తే తీరిక లేదు, రెండో పేరు రాసే తీరిక అసలే లేదు. రోడ్డు అవతల చాయ్ బండి దగ్గర ముసలాయన నిలబడి ఇటే చూస్తూ అప్పుడప్పుడూ కనిపించేవాడు. మొండిఘటం అనుకుంది.

ఒకరోజు ఇద్దరు చెన్నమ్మలు వచ్చారు. ఇద్దరికీ జ్వరమే. రెండు ట్యూబులు, రెండింటి మీదా ఒకటే పేరు.

చిరాగ్‌పల్లి చెన్నమ్మ చేతికి వచ్చిన రిపోర్టులో ప్లేట్‌లెట్లు నిండుగా ఉన్నాయి. ఏం ఫికర్ లేదనుకుని ఇంటికి పోయింది. ఆ రిపోర్టు ఆమెది కాదని తెలిసేసరికి ఆమె లేదు. ఇద్దరు పిల్లల తల్లి.

చందర్ ఫోన్ చేశాడు. "ఫికర్ చెయ్యకున్రి మేడం. పాలసీ తీసుకున్నంకనే జరిగింది. కంపెనీ చూస్కుంటది."

ఒక్క క్షణం ఆమె గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు చెన్నమ్మ తమ్ముడు జగదీశ్ వచ్చాడు. అద్దాలు పగలగొడతాడనుకుంది. అతను చేతులు కట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు.

"కేసు వేస్తున్నం మేడం. చెప్పి పోదామని వచ్చిన."

"వెయ్యిన్రి." త్రివేణి కుర్చీ అతని వైపు జరిపింది.

"మావోళ్లు మీ ల్యాబ్ తగలబెడ్తమని బయలెల్లిన్రు. ఒక పెద్దాయన వచ్చి అడ్డం పడ్డడు. 'ఇప్పుడు ఆ బిడ్డకు బీమా ఉన్నది. కేసు వెయ్యిన్రి, పిల్లలకు నాలుగు పైసలొస్తయి, ఆమె గూడ రోడ్డున పడది' అన్నడు. ఆయన ముచ్చట విన్నంక ఒక్కలు గూడ కదల్లే."

"నా బీమా సంగతి ఆయనకెట్ల తెలుసు?"

జగదీశ్ రోడ్డు అవతలికి చూపించాడు. చాయ్ బండి పక్కన, వానలో, నెత్తిన తువ్వాలతో ముసలాయన.

త్రివేణి గడప దాకా వచ్చింది.

"ఆయనను లోపలికి రమ్మనున్రి."

"పిలిచిన మేడం. రాడు. మీరు రావొద్దన్నరంట గద."

"ఆయన పేరేంది? మీకేమైతడు?" ఇన్నాళ్లకు అడిగింది.

"సంగయ్య. మాకేం గాడు," అన్నాడు జగదీశ్. "నిరుడు మీ తాన గిట్లనే రిపోర్టు మారి సచ్చిపోయిన బస్వమ్మ పెనిమిటి. బీమా లేని మీరు రోడ్డున పడ్తరని అప్పుడు కేసు వెయ్యని మనిషి."