బాతు ఒప్పుకోవాలి

"మెల్లగా మాట్లాడమ్మాయ్! బాతులు పొదుగుతున్నాయి," అంది రాగ్నా, కిటికీలోంచి బైనాక్యులర్‌తో బయటికి చూస్తూ.

సున్నీవా నోరు మూసుకుంది. కాబోయే అత్తగారింట్లో పొద్దున్నుంచీ ఆమె చేస్తున్నది అదే. ఏటా సముద్రం మీంచి వచ్చే అడవిబాతుల కోసం ఈ ద్వీపంలో ప్రతి ఇంటివాళ్లూ రాళ్లతో చిన్న గూళ్లు కట్టి ఉంచుతారు. బాతులు గుడ్ల మీద కూర్చున్నాక సుత్తి మోగదు, కుక్క మొరగదు. వాసనకు బెదురుతాయని పెయింటు డబ్బా మూత కూడా తీయరు. పిల్లలతో అవి వెళ్లిపోయాక గూట్లో మిగిలే మెత్తటి ఈకలే ఈ ఇళ్లకు బతుకుతెరువు.

అందుకే రాగ్నా ఇంట్లో ఒక నియమం ఉంది. కోడలిగా రాబోయే పిల్ల గూటి ముందునుంచి నడిచి వెళ్లాలి. బాతు కదలకపోతే పెళ్లి. లేచిపోయిందా, పిల్ల కూడా లేచి పడవెక్కాల్సిందే.

"పోయిన వేసవిలో వచ్చినమ్మాయి తుమ్మింది," అన్నాడు రాగ్నా కొడుకు ఐవింద్, సున్నీవా చెవిలో. "బాతు ఎగిరిపోయింది. దాంతో నా పెళ్లీ ఎగిరిపోయింది."

"ఇప్పుడా చెప్పడం?"

"ముందే చెబితే వచ్చేదానివా?"

వచ్చేది. అదే ఆమె బాధ. ఈ మొద్దబ్బాయిని వదిలి ఒంటరిగా వెనక్కి వెళ్లాలనుకుంటేనే ఏడుపొస్తోంది. నిన్న అలల దెబ్బకి అతను పడవలో ఓ మూల ముడుచుకుంటే, చుక్కాని తనే పట్టి ఒడ్డుకు చేర్చింది. అప్పుడు లేని భయం ఇప్పుడు పట్టుకుంది.

"నిన్న నువ్వు పడవ నడపడం కిటికీలోంచి చూశాను. బాగానే నడిపావు," అంది రాగ్నా. "కానీ అలలు వేరు, బాతు వేరు. నా చేతుల్లో ఏమీ లేదు."

చేతులు చాపి మరీ చూపించింది. బొటనవేలి మీద గోధుమరంగు మరక ఉంది. "కాఫీ," అంటూ ఎవరూ అడక్కుండానే చేతులు ఏప్రన్‌లో దాచుకుంది.

మామగారు ఆస్లక్ ఒళ్లోంచి చెక్కపొట్టు దులుపుకుంటూ, "గరిటె చెక్కుతున్నాలే," అన్నాడు. ఆయన్నీ ఎవరూ అడగలేదు.

"వెళ్లు. గూటి ముందున్న తెల్లరాయి దాటకు. గూట్లోకి తొంగిచూడకు," అంది రాగ్నా.

సున్నీవా బయటికి నడిచింది. కొత్త రెయిన్‌కోటు గరగరలాడింది. కాలి కింద గవ్వ టప్పుమంది. గూటి చీకట్లో గోధుమరంగు బాతు అలాగే కూర్చుంది. ఊపిరి బిగబట్టి తెల్లరాయి దాకా వచ్చింది. అంతలో గాలికి మఫ్లరు ముక్కుకు తగిలింది.

"హాఛ్!"

మఫ్లరు ఎగిరిపోయింది. గట్టు మీది సముద్రపక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. సున్నీవా కళ్లు గట్టిగా మూసుకుంది. అయిపోయింది, అంతా అయిపోయింది.

"కదల్లేదు!" ద్వీపం నియమం మరిచిపోయి కిటికీలోంచి అరిచింది రాగ్నా. "కొంచెం కూడా కదల్లేదు!"

"నన్నూ చూడనీ అమ్మా!" ఐవింద్ చెయ్యి చాపాడు.

"అక్కర్లేదు. నేను చూశానుగా," అంటూ బైనాక్యులర్ పెట్టెలో పెట్టేసింది.

వంటింట్లో వేడివేడి వాఫుల్స్, బెర్రీ జామ్ వచ్చాయి. రాగ్నా కోడల్ని దగ్గరికి తీసుకుని కళ్లు తుడుచుకుంది. "నేనేం చేశాను? బాతుకి చెప్పుకో," అంది.

నిజమే, చెప్పుకోవాలనిపించింది సున్నీవాకి. మఫ్లరు తెచ్చుకుంటానని మెల్లగా బయటికొచ్చింది. అది తెల్లరాయి అవతల, సరిగ్గా గూటి నోట్లో పడి ఉంది. భయపడుతూనే వంగి తీసుకుంది. బాతు కదల్లేదు. ఇంత నమ్మకమా అని మనసు నిండిపోయి, దాని వీపు నెమ్మదిగా నిమిరింది.

ఆమె బొటనవేలికి గోధుమరంగు పెయింటు అంటుకుంది.