రాకర్ ఆర్మ్‌ల పంచాయితీ

"సార్, గా గట్టి స్ప్రింగులు వేసిండ్రంటే ఏడాది తిరగక ముందే క్యామ్ అరిగి చేతికొస్తది" అన్నాడు సామ్యేల్.

ఆయన్ను ఎవరూ అడగలేదు. అడిగేదాకా ఆగే అలవాటు ఆయనకు లేదు.

మంథని రోడ్డు మీద సదయ్య మెకానిక్ షెడ్డు. లోపల బానెట్ ఎత్తిన పాత ఫియట్ కారు. దాని యజమాని, కళ్ళద్దాల పెద్దమనిషి, హైదరాబాదు నుంచి తెచ్చిన ఇంజను సామానంతా బల్ల మీద పరిచాడు. పందేల కార్లకు వేసే వాల్వు స్ప్రింగులు, క్యామ్ షాఫ్టు, వాల్వులను నొక్కే తళతళలాడే రాకర్ ఆర్మ్‌లు. పక్కనే సదయ్య దగ్గరున్న మామూలు సెట్టు, పెళ్ళికి వచ్చిన పేద చుట్టంలా ఒక మూలకు ఒదిగి ఉంది.

"మా నాన్నగారి బండి అండీ. కొంచెం పరుగు పెంచుదామని" అన్నాడు పెద్దమనిషి.

"కూరగాయలకు పోయే బండికి పరుగెందుకు సార్? క్యామ్‌కు తగ్గ స్ప్రింగుండాలె, స్ప్రింగుకు తగ్గ రాకరుండాలె. ఒకటి మార్చి ఒకటి ఉంచితె లోపల కొట్లాటే. మీ నాయిన నడిపిన క్యామే ఉంచుండ్రి. మామూలు స్ప్రింగులు వేయించుండ్రి."

"సామ్యేలన్నా, నీకెందుకే? గమ్మున కూసో" అన్నాడు సదయ్య, కళ్ళతో ఏదో సైగ చేస్తూ.

పెద్ద పని చేజారిపోతుందని వీడి ఏడుపు అనుకున్నాడు సామ్యేల్.

నిజానికి ఆయన గమ్మున కూర్చోవలసిన రోజులే అవి. సోమవారం బొగ్గు గనుల కంపెనీ మెడికల్ బోర్డు. తండ్రి పనికి అన్‌ఫిట్ అని డాక్టర్లు తేలిస్తే కొడుక్కి కొలువిస్తారు. మిగతా లోకంలో ఆడవాళ్ళు భర్త ఆరోగ్యం కోసం ఉపవాసాలుంటారు. సామ్యేల్ భార్య లిల్లీ మాత్రం, భర్త ఎందుకూ పనికిరాడని తేలాలని ప్రతి శుక్రవారం కడుపు మాడ్చుకుని ప్రార్థన చేస్తోంది. ఇటువంటి మొక్కును దేవుడెలా అర్థం చేసుకుంటాడో ఆయనకే తెలియాలి. కొడుకు టిమోతి డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నాడు. కొలువుకు వయసు దాటిపోతోంది. ఈ బోర్డు తప్పితే ఇంకో బోర్డుకు దారి లేదు.

బోర్డుకు అర్జీ పెట్టినప్పటి నుంచి సామ్యేల్ మనిషే మారిపోయాడు. క్వార్టర్ల దగ్గర ఎవరు పలకరించినా తల తిప్పకుండా పోతున్నాడు. కొలువు రాకముందే పొగరొచ్చిందని కాలనీ తీర్మానించింది. చర్చిలో పాట శ్రుతి తప్పితే ఆపి మరీ తిట్టే మనిషి, ఇప్పుడు ఎవరెలా పాడినా శాంతంగా కూర్చుంటున్నాడు. ఇన్నాళ్ళకు మనసు మారిందని పాస్టరుగారు సంతోషించారు.

ఆ బిగువంతా సదయ్య షెడ్డుకు వస్తేనే సడలుతుంది. ఊరికి దూరం, కంపెనీ మనుషులు రారు. పైగా బొగ్గు బావిలో టబ్బులు లాగే హాలేజ్ ఇంజను దగ్గర బతుకంతా గడిపిన మనిషి. ఎత్తిన బానెట్ ముందు నోరు కట్టుకోవడం ఆయన వల్ల అయ్యే పనేనా?

"ఒకపాలి స్టార్ట్ చెయ్యుండ్రి సార్."

ఇంజను టకటకలాడింది. సదయ్య వంగి చూడబోయాడు. సామ్యేల్ స్టూలు మీద నుంచి లేవలేదు.

"మూడో సిలిండరుది రాకర్ అరిగింది. నాలుగోది గూడ గదే తొవ్వల ఉన్నది."

"అక్కడి నుంచే ఎలా చెప్పారండీ?"

"గిదేం లెక్క సార్" అంటూ సామ్యేల్ బల్ల దగ్గరికి వచ్చి, కళ్ళు మూసుకుని, తళతళలాడే రాకర్లను ఒక్కొక్కటిగా పానాతో తట్టాడు. ఒకదాన్ని తీసి అవతల పెట్టాడు. "దీంట్ల పగులున్నది."

పెద్దమనిషి దాన్ని ఎండలో పట్టి చూశాడు. వెంట్రుకంత గీత ఉంది.

"అద్భుతం! మీ పేరు?"

"సామ్యేల్, హాలేజ్ ఆపరేటర్. గోదావరిఖనిల నన్ను తెల్వనోడు లేడు సార్."

సదయ్య నెత్తి కొట్టుకున్నాడు. పెద్దమనిషి ఏం పని చేస్తాడో సామ్యేల్ అడగలేదు. ఇస్త్రీ చొక్కా చూసి బ్యాంకు మేనేజరని తేల్చేశాడు. చివరికి నాన్నగారి క్యామే ఉంచి, మిగతావన్నీ సదయ్య దగ్గరున్న మామూలు సెట్టు వేయడానికి నిర్ణయమైంది. సామ్యేల్ ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

సోమవారం లిల్లీ దారి పొడవునా ఒకటే మాట చెప్పింది. "డాక్టర్లు ఏమన్న గని, నువ్వు నా మొకమే చూడు. నోరు తెర్వకు. పోరని బతుకు నీ చేతుల ఉన్నది."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ముగ్గురు డాక్టర్లు. నడిమి కుర్చీలో ఉన్నది ఫియట్ పెద్దమనిషి.

"అరే, సామ్యేల్ గారా! రండి రండి" అని ఆయన నవ్వుతూ లేచి, పక్కవాళ్ళతో అన్నాడు, "నిన్న చెప్పానే, ఆ రాకర్ల మనిషి ఈయనే!"

టిమోతి ముఖం సామ్యేల్ కళ్ళ ముందు మెదిలింది. పళ్ళు బిగించి లిల్లీ ముఖమే చూస్తూ నిలబడ్డాడు. ఇంత ఓర్పు తనలో ఉందని ఆయనకే తెలియదు.

డాక్టరు నవ్వు తగ్గింది. కూర్చుని, తల దించుకుని, కాగితాలు తిరగేస్తూ తనలో తాను అనుకున్నట్టు మెల్లగా అన్నాడు. "బండి బాగానే ఉంది గానీ, ఇంకా ఏదో చప్పుడు. మీరే పొరబడ్డట్టున్నారు."

కొడుకు కొలువు కోసం సామ్యేల్ ఏదైనా భరించగలడు. ఆ ఒక్క మాట తప్ప.

"పొరబడుడా? నేనా? ఎట్ల సప్పుడు సార్, సన్నగనా, మొద్దుగనా?"

లిల్లీ కొంగుతో ముఖం కప్పుకుంది. డాక్టర్లు ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సామ్యేల్ అర్జీలో పెట్టుకున్న జబ్బు చెవుడు.