నానమ్మ నేల మీద పొగ

పైన్ చెట్ల వెనక పొగ కనబడగానే నాహుయాకి ఒళ్లు మండింది.

"ఎవడో మన నేలలో మకాం పెట్టాడ్రా."

అక్క మాటకి తమ్ముడు టీపెనె కారు ఆపాడు.

రేకుల పాక. ముందు రాళ్ల పొయ్యి, దాని మీద కెటిల్. పక్కన మాసిన కోటులో ఓ ముసలాయన.

ఒళ్లు మండదూ మరి? యుద్ధంలో విమానాలు దిగాలంటూ ఆ నేలని సర్కారువాళ్లు వాళ్ల నానమ్మ దగ్గర్నించి లాక్కున్నారు. యుద్ధం అయిపోయింది. విమానాలూ పోయాయి. నేల మాత్రం పక్కనున్న దొర గొర్రెల మేతకి పోయింది. ఆ గొర్రెల సొమ్ముతో దొర మనవలు లాయర్లయ్యారు. నానమ్మ మనవలు ఆక్లండ్ పట్నంలో అద్దె గరాజ్‌లో పెరిగారు.

ఇన్నాళ్లకి సర్కారు ఆ నేలని వాళ్ల మావోరీ తెగకి తిరిగిచ్చింది. అది ఏ కుటుంబానికి దక్కాలో తేల్చడానికి పెద్దలు ఇవాళే వస్తున్నారు.

"తాతా, ఇది మా నేల. సామాను సర్దుకో."

ముసలాయన నవ్వాడు. "ఎవరి పిల్లలమ్మా మీరు?"

"నీకెందుకు? లేస్తావా, పోలీసుల్ని పిలవమంటావా?"

"దొరలు పొమ్మంటే పోలేదు. మనవాళ్లే పొమ్మంటే ఏం చెయ్యను? పొయ్యి మాత్రం ఆర్పకు తల్లీ."

నాహుయా కెటిల్‌లో నీళ్లన్నీ పొయ్యిలో గుమ్మరించింది. "ఇప్పుడు పోతావా?"

ఆయన లేచాడు. రోడ్డెక్కి, అటుగా వచ్చిన కలప లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పెద్దలొచ్చారు. వాళ్లలో పెద్దది హినేరంగి అత్త. వస్తూనే బూడిదలో చెయ్యి పెట్టింది.

"ఇదేంటి, తడిగా ఉంది?"

"ఎవడో దేశదిమ్మరి అత్తా. తరిమేశాం."

అత్త తడి బూడిద అంటిన చెయ్యి వాళ్లకి చూపించింది.

"ఎవరి పొయ్యి వెలుగుతుంటే నేల వాళ్లది. మన మావోరీల న్యాయం ఇదే కదే. మీ గరాజ్‌లో ఇది చెప్పే దిక్కు కూడా లేకపోయిందా? మిగతా కుటుంబాలకి ఇప్పుడు నేనేం చెప్పను?"

అత్త పాక వైపు చూపించింది.

"దొర కుక్కల్ని వదిలాడు. పాక తగలబెట్టించాడు. అయినా ఆయన పొయ్యి ఆరనివ్వలేదు. చివరికి మీరొచ్చి ఆర్పారు."

"ఎవరత్తా ఆయన?" టీపెనె అడిగాడు.

"మీ నాన్న పట్నం పోతూ, 'నా పిల్లలు తిరిగొచ్చేదాకా పొయ్యి ఆరనివ్వకురా' అని ఒట్టు వేయించుకున్న తమ్ముడు, మీ సొంత బాబాయి."