మిక్సీ ముందు నా పళ్లసెట్టు

"చంటిపిల్లలకి ఇంటి గుజ్జు నిషేధం. కంపెనీ పొట్లం వాడండి" అంది మిక్సీ, మూత బిగించుకుని.

లోపల ఉడికించిన ఆపిల్ ముక్కలున్నాయి. నా చంకలో మనవరాలు లాస్య ఆకలితో ఏడుస్తోంది. పొట్లంలోది నోట్లో పెడితే ఊసేస్తోంది. నాకు ఒళ్లు మండింది. ఉడికించింది నా భార్య, తినేది నా మనవరాలు, మధ్యలో ఈ గిన్నె పెత్తనమేమిటి?

"పిల్లకి కాదమ్మా, మా ఆయనకి. పళ్లు లేవు పాపం" అంది నా భార్య సుభద్ర చల్లగా.

"ఏదీ, చూపించమనండి."

కాలేజీలో పాఠాలు చెప్పిన నోరు నాది. అందులోంచి సెట్టు ఊడదీసి మిక్సీ కెమెరాకి చూపించాను. అప్పుడు గిర్రున తిరిగింది. పళ్లూడితే గానీ పళ్ల గుజ్జు దక్కని రోజులొచ్చాయి.

సుభద్ర ఆ కెమెరా మీద తువ్వాలు కప్పి లాస్యకి తినిపించింది. గిన్నె ఖాళీ చేసి పిల్ల బోసినోటితో నవ్వింది. నేనూ అలాంటి నోటితోనే నవ్వాను.

మర్నాడు ఆవకాయ కలుపుకుందామని అన్నం కోసం వెళితే కుక్కర్ మూత తియ్యలేదు.

"మీకు పళ్లు లేవటగా తాతగారూ, పొట్లం తాగండి" అంది.

మిక్సీ వంటింట్లో అందరికీ చెప్పేసిందట.